వాచ్ అలర్ట్ ఇవ్వలేదంటే నిద్ర బాగున్నట్టేనా? స్లీప్ ఆప్నియా ఫీచర్ వెనకున్న లెక్క

ఈమధ్య ఏ స్మార్ట్‌వాచ్ లాంచ్ చూసినా స్పెక్ షీట్‌లో ఒక లైన్ కామన్‌గా కనిపిస్తోంది: "స్లీప్ ఆప్నియా డిటెక్షన్". కొన్నింట్లో "స్లీప్ బ్రీతింగ్ క్వాలిటీ" అని రాస్తారు, కొన్నింట్లో "బ్రీతింగ్ డిస్టర్బెన్సెస్" అంటారు. ధర చూస్తే మూడు వేల రూపాయల వాచ్ నుంచి ఎనభై వేల వాచ్ దాకా అందరూ ఇదే మాట చెప్తున్నారు. మరి అన్నీ ఒకే పని చేస్తాయా? మణికట్టు మీద కట్టుకున్న వస్తువుకు గొంతులో జరిగేది ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే ముఖ్యంగా, నెల రోజులు కట్టుకున్నా వాచ్ ఏమీ చెప్పకపోతే మనకు ఆ సమస్య లేనట్టేనా?

మన సైట్‌లో డిస్‌ప్లే నిట్స్, బ్యాటరీ ఎంఏహెచ్ గురించి ఎంత పట్టింపుగా మాట్లాడుకుంటామో ఈ ఫీచర్ గురించి కూడా అంతే పట్టింపుగా మాట్లాడుకోవాలి. డిస్‌ప్లే అంత బాగోకపోతే కళ్లు కాస్త చికిలించి చూస్తాం, అంతే. ఈ ఫీచర్ చెప్పిందాన్ని అపార్థం చేసుకుంటే ఒక మనిషి చికిత్సకు వెళ్లకుండా ఆగిపోవచ్చు. నేను డాక్టర్‌ని కాదు, కోడ్ రాసేవాడిని. కాబట్టి సెన్సర్ ఏం కొలుస్తుంది, రీసెర్చ్ పేపర్లలో నంబర్లు ఏం చెప్తున్నాయి, వాటిని మనం ఎలా చదవాలి అనే వైపు నుంచి చెప్తా.

అసలు గొంతులో ఏం జరుగుతుంది?

ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గాలి దారిని ఒక మెత్తటి పైపు అనుకోండి. దాన్ని తెరిచి ఉంచేది ఎక్కువగా చుట్టూ ఉన్న కండరాలే. మెలకువగా ఉన్నంతసేపూ అవి డ్యూటీలో ఉంటాయి. నిద్రలోకి జారగానే వదులవుతాయి. నాలుక కాస్త వెనక్కి జారుతుంది, అంగిలి వెనక మెత్తటి భాగం, కొండనాలుక కిందికి వాలతాయి. దారి సన్నబడితే అందులోంచి వెళ్లే గాలికి ఆ మెత్తటి భాగాలు అదురుతాయి. అదే గురక.

కొందరిలో దారి సన్నబడటంతో ఆగదు, పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట ఊపిరి కోసం కష్టపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి వెళ్లదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు గమనించి ఒక్క క్షణం లేపుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. లేచిన సంగతి పొద్దున్న గుర్తుండదు. అందుకే "నేను హాయిగా పడుకున్నా" అని నిజాయితీగా చెప్పేవాళ్లలోనే ఈ సమస్య ఉండొచ్చు. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

కొలవడానికి ఒక నంబర్ ఉంది: ఏహెచ్‌ఐ, అంటే ఆప్నియా హైపాప్నియా ఇండెక్స్. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే ఒక ఆప్నియా. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గి, దాంతోపాటు ఆక్సిజన్ పడిపోతే హైపాప్నియా. గంటకు ఇవన్నీ కలిపి సగటున ఎన్నిసార్లు జరిగాయన్నదే ఏహెచ్‌ఐ. పెద్దవాళ్లలో 5 లోపు నార్మల్, 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 15 అంటే చిన్న నంబర్‌లా కనిపిస్తుంది కదా? ఏడు గంటల నిద్రకు లెక్కేయండి. ఒక్క రాత్రిలో 105 సార్లు!

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. 2019లో ద లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్‌లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల మధ్య వాళ్లలో సుమారు 93.6 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో ఉంది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో వేసిన అంచనా సుమారు 10.4 కోట్ల మంది. పగటి నిద్రమత్తు, బీపీ, గుండె జబ్బులు, రోడ్డు ప్రమాదాలతో దీనికి సంబంధం ఉందని చాలా పరిశోధనలు చూపించాయి.

మణికట్టుకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

రెండు దారులున్నాయి.

మొదటిది వెలుగు. వాచ్ వెనక ఉన్న ఎల్‌ఈడీలు చర్మం లోపలికి ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతాయి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒక రకంగా, లేనిది ఇంకో రకంగా ఆ రెండు కాంతులను పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన వెలుగులో తేడా చూసి ఎస్‌పీఓ2 లెక్కగడతారు. నాడి కొట్టుకున్నప్పుడు మారే భాగాన్ని మాత్రమే తీసుకుంటే ధమనుల్లోని రక్తం సంగతి విడిగా తెలుస్తుందన్న ఐడియా జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగిది. 1974లో నిహాన్ కోడెన్ కంపెనీలో పనిచేస్తూ కనిపెట్టాడు. కోవిడ్ టైమ్‌లో మనందరి ఇళ్లలోకీ వచ్చిన వేలి క్లిప్ కూడా అదే సూత్రం మీద పనిచేస్తుంది. కాకపోతే వేలి క్లిప్‌లో వెలుగు ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటుతుంది. వాచ్‌లో మాత్రం వెళ్లిన వైపే వెనక్కి రావాలి, అందుకే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది.

శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లో స్లీప్ ఆప్నియా ఫీచర్ ఈ దారిలోనే వెళ్తుంది. రాత్రంతా ఆక్సిజన్ ఎలా పడి లేస్తోందో చూసి అంచనా వేస్తుంది. 2023 అక్టోబర్‌లో కొరియా అనుమతి, 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ నుంచి డీ నోవో అనుమతి వచ్చాయి. డీ నోవో అంటే అంతకుముందు అలాంటి డివైజ్ మార్కెట్‌లో లేనప్పుడు ఇచ్చే అనుమతి. 22 ఏళ్లు దాటినవాళ్లు, పది రోజుల్లో రెండు రాత్రులు, ఒక్కోసారి నాలుగు గంటలకు పైగా కట్టుకుని పడుకోవాలి.

రెండో దారి కదలిక. ఆపిల్ 2024 సెప్టెంబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతితో తెచ్చిన నోటిఫికేషన్ ఎస్‌పీఓ2 వాడదు. యాక్సిలరోమీటర్ వాడుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా మణికట్టు దగ్గర కంటికి కనిపించనంత చిన్న కదలిక వస్తుంది. ఊపిరి ఆగి, మళ్లీ ఒక్కసారిగా అందినప్పుడు ఆ కదలికల లయ తప్పుతుంది. దాన్ని మెషీన్ లెర్నింగ్ మోడల్ పట్టుకుంటుంది. 30 రోజుల డేటా చూసి, అందులో కనీసం 10 రాత్రులు ఉంటేనే తీర్పు చెప్తుంది. పేటెంట్ గొడవ వల్ల 2024 జనవరి నుంచి అమెరికాలో అమ్మిన కొత్త ఆపిల్ వాచ్‌లలో బ్లడ్ ఆక్సిజన్ ఫీచర్ ఆపేసినా, ఈ ఆప్నియా ఫీచర్‌కు ఆటంకం రాకపోవడానికి కారణం ఇదే.

ఈ రెండు అనుమతులకూ ఒక షరతు కామన్. ఇవి మధ్యస్థ లేదా తీవ్ర స్థాయి ఆప్నియా సూచనలను చూపిస్తాయి, అంతే. జబ్బు ఉందని నిర్ధారించడానికి కాదు, లేదని చెప్పడానికీ కాదు. ఇక చాలా బడ్జెట్ వాచ్‌లలో ఉండేది ఇది కూడా కాదు. అవి "వెల్‌నెస్ ఫీచర్" కింద వస్తాయి. బాక్స్ కింద సన్నటి అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అని ఉంటుంది. ఒక్కసారి చదవండి.

వెలుగు దారిలో మనకు సంబంధించిన ఇంకో మెలిక ఉంది. చర్మం రంగు. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశీలనలో, హాస్పిటల్‌లో వాడే పల్స్ ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తున్నప్పుడు అసలు ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువ ఉన్న కేసులు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే నల్లజాతివారిలో 11.7 శాతం ఉన్నాయి. అంటే దాదాపు మూడు రెట్లు. హాస్పిటల్ పరికరం సంగతే ఇలా ఉంటే, చామనఛాయ నుంచి ముదురు రంగు దాకా ఉన్న మన చేతుల మీద వాచ్ ఎలా చదువుతుందన్నది ప్రతి కంపెనీనీ అడగాల్సిన ప్రశ్నే. ఎవరి మీద టెస్ట్ చేశారో చెప్పని కంపెనీ నంబర్‌ను నేను సీరియస్‌గా తీసుకోను.

అసలు టెస్ట్ అంటే ఏంటి?

వాచ్‌ను దేనితో పోల్చాలో తెలియాలంటే స్లీప్ ల్యాబ్‌లో చేసే పాలీసోమ్నోగ్రఫీ గురించి తెలియాలి. తలకు ఈఈజీ వైర్లు, కళ్ల పక్కన, గడ్డం కింద సెన్సర్లు, ముక్కు దగ్గర గాలి కొలిచే ట్యూబ్, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, ఈసీజీ, వేలికి ఆక్సీమీటర్. ఇన్ని ఎందుకంటే, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. నిజంగా నిద్రపోయారా అన్నది ఈఈజీ చెప్తుంది. గాలి ఆగిందా అన్నది ముక్కు దగ్గర ట్యూబ్ చెప్తుంది. గాలి ఆగినా ఛాతీ కష్టపడుతోందంటే గొంతు మూసుకుంది. ఛాతీ కూడా ఆగిపోయిందంటే మెదడు నుంచే సిగ్నల్ రావట్లేదు, అది సెంట్రల్ ఆప్నియా, వేరే సమస్య.

ఇంట్లోనే పెట్టుకునే చిన్న కిట్ కూడా ఉంటుంది. హోమ్ స్లీప్ టెస్ట్ అంటారు. అందులో చాలావరకు ఈఈజీ ఉండదు, ముక్కు ట్యూబ్, బెల్టు, వేలి సెన్సర్ ఉంటాయి. వాచ్ దగ్గర వీటిలో ముక్కు దగ్గరి గాలి సంగతి చెప్పేది ఒక్కటీ లేదు. లక్షణాలను బట్టి ఊహిస్తుంది. గది బయట నిలబడి చప్పుళ్లు విని లోపల ఏం జరుగుతోందో చెప్పినట్టు. తెలివైనవాడు చాలాసార్లు కరెక్ట్‌గానే చెప్తాడు. కానీ తలుపు తీసి చూసినట్టు కాదు.

ఫోన్‌లో గురక రికార్డ్ చేసే యాప్‌లు కూడా అంతే. శబ్దం ఎంత ఉందో తెలుస్తుంది, గాలి సంగతి తెలియదు. గురక ఉన్న ప్రతివాళ్లకీ ఆప్నియా ఉండదు. కానీ గురక, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా ఊపిరి అందుకున్న శబ్దం... ఈ వరుస ఉన్న క్లిప్ ఒకటి ఉంటే డాక్టర్‌కు చూపించడానికి చాలా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క

మనలో చాలామంది కాలేజీలో ప్రెసిషన్, రీకాల్ చదివి ఎగ్జామ్ అయ్యాక వదిలేసినవాళ్లమే. ఇక్కడ అవి నిజంగా అవసరం పడతాయి.

ఆపిల్ తన వాలిడేషన్ పేపర్‌లో ప్రచురించిన నంబర్లు తీసుకుందాం. ఏహెచ్‌ఐ 15, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లను పట్టుకునే సెన్సిటివిటీ 66.3 శాతం. అంతకంటే తక్కువ ఉన్నవాళ్లను వదిలేసే స్పెసిఫిసిటీ 98.5 శాతం. ఆ 66.3ని విడదీస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తీవ్ర స్థాయి వాళ్లలో 89.1 శాతం మందిని పట్టుకుంది, మధ్యస్థ స్థాయి వాళ్లలో 43.4 శాతం మందినే. అంటే మధ్యస్థ స్థాయిలో ఉన్నవాళ్లలో సగానికి పైగా అలర్ట్ రాలేదు.

ఇది చెత్త ఫీచర్ అని అర్థమా? కాదు. ఇది కావాలని చేసిన డిజైన్ నిర్ణయం. కోట్ల మంది చేతుల మీద ఉండే వస్తువు. థ్రెషోల్డ్ కాస్త తగ్గిస్తే ఎక్కువ మందిని పట్టుకుంటుంది, కానీ ఏమీ లేని లక్షల మందిని కంగారు పెట్టి హాస్పిటల్‌కు పరిగెత్తిస్తుంది. అందుకే "మోగితే నమ్మదగ్గట్టు మోగాలి" అనే వైపు మొగ్గారు. అలర్ట్ వచ్చిన ప్రతి ఒక్కరికీ కనీసం స్వల్ప స్థాయి ఆప్నియా ఉందని కూడా కంపెనీ చెప్పింది.

ఇప్పుడు 1000 మంది మామూలు వాచ్ యూజర్లను ఊహించుకోండి. వాళ్లలో 100 మందికి మధ్యస్థం లేదా తీవ్రమైన ఆప్నియా ఉందనుకుందాం (లెక్క కోసం తీసుకున్న నంబర్ మాత్రమే). ఆ 100 మందిలో 66 మందికి అలర్ట్ వస్తుంది, 34 మందికి రాదు. మిగతా 900 మందిలో సుమారు 14 మందికి అనవసరంగా అలర్ట్ వస్తుంది. మొత్తం 80 అలర్టులు, అందులో 66 నిజం. అంటే మోగితే ప్రతి పదింటిలో ఎనిమిది సార్లు నిజంగానే సమస్య ఉంది. మోగని 920 మందిలో సమస్య ఉన్నవాళ్లు 34 మంది, నాలుగు శాతం లోపే. బాగుంది కదా?

ఇప్పుడు గుంపు మార్చుదాం. ఈ 1000 మందీ గట్టిగా గురక పెట్టేవాళ్లు, పగలు కునికిపాట్లు పడేవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు. వీళ్లలో 500 మందికి సమస్య ఉందనుకోండి. వాచ్ అదే, అల్గారిథమ్ అదే. 500లో 332 మందికి అలర్ట్ వస్తుంది, 168 మందికి రాదు. సమస్య లేని 500లో 492 మందికి రాదు. అంటే అలర్ట్ రాని 660 మందిలో 168 మందికి జబ్బు ఉంది. నలుగురిలో ఒకరికి!

ఈ ఆర్టికల్ మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. వాచ్ మోగడానికి దాదాపు అందరిలో ఒకే అర్థం. మోగకపోవడానికి మాత్రం మనిషిని బట్టి అర్థం మారిపోతుంది. ఏ లక్షణాలూ లేని 25 ఏళ్ల కుర్రాడికి అది కాస్త ధీమా ఇస్తుంది. లక్షణాలున్న 50 ఏళ్ల మనిషికి ఏమీ ఇవ్వదు.

మా ఇంట్లో జరిగింది

ఈ లెక్క నాకు ఎందుకు ఇంత ముఖ్యమో చెప్తా. మా నాన్న లారీ డ్రైవర్. 54 ఏళ్లు. విజయవాడ, హైదరాబాద్ మధ్య ట్రిప్పులు. అమ్మ ఎప్పట్నుంచో అంటూనే ఉంది: "గురక పెడతా పెడతా ఒక్కసారిగా ఆగిపోతారురా. నాకు భయమేసి తట్టి లేపుతా." స్లీప్ టెస్ట్ చేయిద్దామంటే నాన్న నవ్వేసేవారు. పోయినేడాది ఆయనకు ఆప్నియా ఫీచర్ ఉన్న ఒక వాచ్ తెచ్చి ఇచ్చా. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నెల రోజులు రోజూ కట్టుకునే పడుకున్నారు. అలర్ట్ రాలేదు. ఇక నాన్న చేతికి ఆయుధం దొరికినట్టయింది. "అంత ఖరీదు పెట్టి కొన్న వాచీయే ఏమీ అనట్లేదు, మీ అమ్మదే చాదస్తం" అన్నారు.

అప్పుడు పైన చెప్పిన రెండో లెక్కను కాగితం మీద గీసి చూపించా. "నాన్నా, మీలాంటి లక్షణాలున్న నలుగురు డ్రైవర్లకు ఈ వాచ్ కట్టి, నలుగురికీ మోగలేదనుకోండి. వాళ్లలో ఒకరికి జబ్బు ఉండే ఉంటుంది. ఆ నలుగురి లారీల ముందు నేను బైక్ మీద వెళ్లొచ్చా?" అని అడిగా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, ఆదివారం పెట్టించు" అన్నారు.

హోమ్ స్లీప్ టెస్ట్‌లో ఏహెచ్‌ఐ 24 వచ్చింది. మధ్యస్థ స్థాయి. సరిగ్గా వాచ్‌లు ఎక్కువగా వదిలేసే రేంజ్. వాచ్ పాడైపోలేదు, అల్గారిథమ్ తప్పూ చేయలేదు. దానికి సాధ్యమైనంతే చేసింది. దానికి లేని పవర్‌ను ఇచ్చింది మనుషులే.

వాచ్ కంటే ముందు ఎనిమిది ప్రశ్నలు

బ్యాటరీ, బ్లూటూత్, అప్‌డేట్ ఏదీ అక్కర్లేని ఒక స్క్రీనింగ్ టూల్ ఉంది. పేరు స్టాప్-బ్యాంగ్. టొరంటోకు చెందిన ఎనస్థీషియా డాక్టర్ ఫ్రాన్సిస్ చుంగ్ బృందం 2008లో ప్రచురించింది. ఆపరేషన్‌కు ముందు పేషెంట్లను త్వరగా అంచనా వేయడానికి తయారైంది. అవును అన్న ప్రతి జవాబుకూ ఒక పాయింట్.

1. మూసిన తలుపు అవతలికి వినిపించేంత గట్టిగా గురక పెడతారా?
2. పగలు తరచూ అలసట, నిద్రమత్తు ఉంటున్నాయా?
3. నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4. బీపీ ఉందా, లేదా దానికి మందులు వాడుతున్నారా?
5. బీఎంఐ 35 కంటే ఎక్కువా?
6. వయసు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా?
8. మగవాళ్లా?

మూడు, నాలుగు వస్తే మధ్యస్థ రిస్క్. ఐదు, అంతకంటే ఎక్కువ వస్తే హై రిస్క్. మా నాన్నకు బీఎంఐ తప్ప అన్నీ అవును, మొత్తం ఏడు. మీ ఇంట్లో అడిగేటప్పుడు మూడో ప్రశ్న మాత్రం పక్కన పడుకునేవాళ్లను అడగండి. పడుకున్న మనిషికి అది ఎప్పటికీ తెలియదు. హాస్టల్‌లో ఉంటే రూమ్‌మేటే మీ స్లీప్ ల్యాబ్.

టెస్ట్‌లో తేలాక ఏం చేస్తారు?

ఇక్కడా గ్యాడ్జెట్ ఉంది, మామూలు గ్యాడ్జెట్ కాదు. సీప్యాప్. 1980లో సిడ్నీలో డాక్టర్ కోలిన్ సల్లివన్ మొదటిసారి ఒక పేషెంట్ మీద వాడాడు. గాలిని ముక్కు ద్వారా కాస్త ఒత్తిడితో పంపితే, గొంతు దారి లోపలి నుంచి ఉబ్బి మూసుకోకుండా ఉంటుంది. సైకిల్ ట్యూబ్‌లో గాలి ఉన్నంతసేపూ అది అణగదు కదా, అదే సూత్రం. 1981లో ఐదుగురు పేషెంట్ల ఫలితాలతో ద లాన్సెట్‌లో పేపర్ వచ్చింది. ఇవాళ్టి మెషీన్లు ఒత్తిడిని వాటంతట అవే అడ్జస్ట్ చేసుకుంటాయి, ఎన్ని గంటలు వాడారు, మాస్క్ ఎంత లీక్ అయింది, మిగిలిన ఏహెచ్‌ఐ ఎంత అన్నీ లాగ్ చేస్తాయి.

కానీ రీసెర్చ్‌ను నిజాయితీగా చదవాలి. 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద ట్రయల్‌లో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు సీప్యాప్ ఇచ్చారు. గుండెపోట్లు, స్ట్రోక్‌లు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. పగటి నిద్రమత్తు తగ్గింది, మూడ్, జీవన నాణ్యత మెరుగయ్యాయి. ఆ ట్రయల్‌లో మనుషులు మెషీన్‌ను రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు. ఫలితాన్ని అర్థం చేసుకునేటప్పుడు ఈ నంబర్‌ను పక్కన పెట్టలేం. పెట్టుకోని మాస్క్ పనిచేయదు.

మా నాన్న కూడా ఇంట్లో ఉన్న రోజుల్లో ఐదు గంటల పైనే వాడుతున్నారు. మెషీన్ లాగ్‌లో ఏహెచ్‌ఐ 3 దగ్గర ఉంటోంది. లారీ క్యాబిన్‌లో పడుకున్న రాత్రుల్లో మాత్రం లాగ్ ఖాళీ. క్యాబిన్‌లో వాడుకోవడానికి డీసీ అడాప్టర్ ఆర్డర్ పెట్టాం. దుమ్ము, వేడి, స్థలం... చాలా ప్రాక్టికల్ సమస్యలున్నాయి, ఒక్కోటీ చూసుకుంటున్నాం.

సీప్యాప్ కొనేటప్పుడు ఇంకో విషయం. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన సీప్యాప్, బైప్యాప్, వెంటిలేటర్ మోడళ్లు చాలా వెనక్కి పిలిపించింది. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిగా రాలి గాలిదారిలోకి వచ్చే ప్రమాదం ఉందని కారణం. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందని పాత మెషీన్ కొనేముందు మోడల్, సీరియల్ నంబర్ ఆ రీకాల్ లిస్ట్‌లో ఉందో లేదో తప్పకుండా చెక్ చేయండి.

మాస్క్ పడనివాళ్లకు దారులు లేకపోలేదు. ఈఎన్‌టీ డాక్టర్లు ముందు ముక్కులో అడ్డం, టాన్సిల్స్, దవడ నిర్మాణం చూస్తారు. అవసరమైతే మందు ఇచ్చి నిద్రపుచ్చి, సన్నటి కెమెరాతో గొంతు ఎక్కడ మూసుకుంటోందో చూస్తారు. నాలుకను కదిలించే నరానికి పేస్‌మేకర్ లాంటి చిన్న డివైజ్ అమర్చే పద్ధతికి 2014లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఊపిరి తీసే సమయానికి నరానికి చిన్న పల్స్ ఇచ్చి నాలుకను ముందుకు జరుపుతుంది. 126 మంది మీద చేసిన ట్రయల్‌లో ఏడాదికి మధ్యగత ఏహెచ్‌ఐ 29.3 నుంచి 9కి దిగింది. మందుల వైపు చూస్తే, ఊబకాయం ఉన్నవాళ్లలో మధ్యస్థం నుంచి తీవ్ర ఆప్నియాకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతించింది. ఈ జబ్బుకు అనుమతి పొందిన మొదటి మందు అదే.

ఇంట్లో చిన్నపిల్లలు గురక పెడుతుంటే వాచ్ వైపు అసలు వెళ్లకండి, ఈ ఫీచర్లకు పిల్లల కోసం అనుమతి లేదు. పిల్లల్లో తరచుగా కారణం టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెరగడం. నేరుగా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

మరి ఈ ఫీచర్ కోసం వాచ్ కొనాలా?

ఎలాగూ వాచ్ కొంటున్నారు, బడ్జెట్ ఉంది అంటే అనుమతి ఉన్న ఫీచర్ ఎంచుకోండి. మీ మోడల్‌లో, మన దేశంలో అది ఆన్ అవుతుందో లేదో కొనేముందే కంపెనీ పేజీలో చూసుకోండి. స్ట్రాప్ వదులుగా కాకుండా, అలా అని రక్తం ఆగేంత బిగుతుగా కాకుండా కట్టుకోండి. ఒక్క రాత్రి గ్రాఫ్ చూసి కంగారు పడొద్దు, నిద్ర ప్రతి రాత్రీ ఒకేలా ఉండదు.

అలర్ట్ వస్తే: యాప్ నుంచి పీడీఎఫ్ రిపోర్ట్ తీసి పల్మనాలజీ, ఈఎన్‌టీ లేదా స్లీప్ స్పెషలిస్ట్ దగ్గరకు వెళ్లండి.

అలర్ట్ రాలేదు, లక్షణాలూ లేవు: హాయిగా పడుకోండి.

అలర్ట్ రాలేదు, కానీ స్టాప్-బ్యాంగ్ మూడు దాటింది: వాచ్ మాట పక్కన పెట్టి టెస్ట్‌కు వెళ్లండి.

కేవలం ఈ అనుమానం తీర్చుకోవడానికే వాచ్ కొందామనుకుంటే మాత్రం వద్దు. ఆ డబ్బుతో హోమ్ స్లీప్ టెస్ట్ చేయించండి. వాచ్ నెల రోజులు చూసి "ఉండొచ్చు" అంటుంది, టెస్ట్ ఒక్క రాత్రిలో నంబర్ చేతిలో పెడుతుంది. ముఖ్యంగా మీ ఇంట్లో రాత్రిపూట స్టీరింగ్ పట్టుకునే మనిషి ఎవరైనా ఉంటే ఈ వారమే ఆ ఎనిమిది ప్రశ్నలు అడగండి.